క్రీడాగోష్ఠి - వైరపరిహారము

కృష్ణానది యుత్తరతీరమున, కొండపల్లి దుర్గమునకు సమీపమున నున్న ఇబ్రహీంపట్నము మొదలుగా సముద్రతీరము వరకు గల గ్రామములలో అష్టాచెమ్మ ఎరుగని పెద్దలు అరుదు. అరుగుమీద సుద్దతో గీసిన అయిదు వరుసల యిరువదియైదు గళ్లు, నాలుగు గవ్వలు, ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు: ఇంతియే సామగ్రి. సామగ్రి సులభము, అదే నలువురను మరల మరల నొకచోట గూర్చుండబెట్టుట దుర్లభము. ఆటగాండ్ర గోష్ఠి యేల చెడును, ఎట్లు నిలుచును అను ప్రశ్న అల్పవిషయముగా దోపవచ్చును గాని, వైయాకరణులును అర్థశాస్త్రకారుడును దానికి సంబంధించిన సాక్ష్యమును మనకు మిగిల్చియున్నారు.

ఋగ్వేద దశమమండలమందలి 34వ సూక్తము జూదరి పరితాపమును దెలుపును. ఇల్లాలు విముఖురాలగుట, బంధువులు తన్నెరుగమనుట అందు గలవు. ఈ యనర్థమే పాణినీయమున శబ్దరూపమున గానవచ్చును. చతుర్థాధ్యాయ చతుర్థపాదమందలి 19వ సూత్రముచే 'ఆక్షద్యూతిక' శబ్దము సిద్ధించుచున్నది. అక్షద్యూతముచే నిష్పన్నమైనదని దాని యర్థము. వృత్తికారులు దీనికి జూపిన విశేష్యము వైరము. ఆటవలన బుట్టునది యేమని యడుగగా మొదట స్ఫురించినది పగయే యనుట గమనింపదగినది.

పగకు దొలికారణము వేటునుగూర్చిన వివాదము. దానికి ప్రాచీను లేర్పరచుకొన్న మందు పరిభాష. ద్వితీయాధ్యాయ ప్రథమపాదమందలి 10వ సూత్రము అక్షపరి, శలాకాపరి, ఏకపరి మున్నగు అవ్యయీభావములను విధించుచున్నది. ఇవి యన్నియు తప్పిన వేటుకు పేళ్లు. పంచిక యను ద్యూతమున అయిదు పాచికలును వెలికిలగా గాని, అన్నియు బోర్లగా గాని పడినచో వేసినవానికి జయమనియు, ఒకటి తప్పిన ఏకపరి, రెండు తప్పిన ద్విపరి యనియు కాశిక వివరించుచున్నది. ఓటమికి సర్వసమ్మతమైన పేరున్నచోట తగవునకు జోటు తక్కువ. అష్టాచెమ్మయందును నాలుగు గవ్వలు వెలికిలబడిన చెమ్మ, నాలుగును బోర్లపడిన అష్ట. ఈ రెంటికే మరల వేయు నధికారము. సర్వసామ్యమునకు ఫలాధిక్యమను న్యాయము రెండుచోట్లను నొక్కటియే.

పంచమాధ్యాయ ద్వితీయపాదమందలి 9వ సూత్రమున 'అయానయీన' శబ్దము గలదు. అయమనగా ప్రదక్షిణగమనము, అనయమనగా అప్రదక్షిణగమనము అనియు, ఇరుదెసల నడచు కాయలలో పరుల కాయలు చొరరాని స్థానము అయానయమనియు క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దివాడని తలపబడు పతంజలి వ్యాఖ్యానించెను. అష్టాచెమ్మలో కాయ వెలుపలి గళ్లలో నొకదెసగను, లోపలి గళ్లలో దానికి విరుద్ధముగను నడచును. అడ్డగీతలు గీసిన యిండ్లలో నున్న కాయను ఎదిరి చంపజాలడు. రెండును ఒకే యాట యని దీనివలన సాధింపరాదు. నడుమ రెండువేల యేండ్లకు బైగా గలవు. కాని బలహీనునకు నిలువనీడ నుంచవలెనను బుద్ధి మాత్రము సమానము. చచ్చిన కాయ సయితము మొదటి యింటినుండి మరల బయలుదేరును. అది పండు వరకు ఆటగాడు గోష్ఠిని విడువడు. పులిజూదమున నట్లుగాదు. సాధారణముగా మూడు పులులు, పదునైదు మేకలు. చచ్చిన మేక తిరిగిరాదు. ఆడువారును ఇద్దరే, తక్కినవారు చూపరులు. నలువురు మిత్రుల గోష్ఠికి అష్టాచెమ్మ యేల యెక్కువ యనుకూలమో దీనివలన దెలియును.

పగకు రెండవకారణము ధనము. కౌటిల్యుని యర్థశాస్త్రమున తృతీయాధికరణమందలి 20వ యధ్యాయము ద్యూతాధ్యక్షుని విధులను జెప్పును. జూదము ఒక్కచోటనే జరుగవలెను. పాచికలు అధ్యక్షుడు సమకూర్చినవే కావలెను. గెలిచిన సొమ్ములో నూటికి అయిదును, పనిముట్లకును నీటికిని చోటునకును అద్దెయు నాతడు గైకొనవలెను. ఇట గోష్ఠిని నిలుపు వ్యయము వేరు, గెలుపులో బాలు వేరు. ఈ భేదమే 1967లో సుప్రీంకోర్టు తీర్పునందును గానవచ్చును. సికింద్రాబాదునందలి యొక క్లబ్బు విషయమున రమ్మీ ప్రధానముగా నైపుణ్యక్రీడ యనియు, సౌకర్యములకై సభ్యులనుండి గైకొను రుసుము మాత్రముచే నది జూదగృహము కాజాలదనియు నిర్ణయింపబడెను. పిదప 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగు చట్టము వచ్చెను. 2020లో జరిగిన సవరణము అంతర్జాలమున పందెమొడ్డి యాడు నాటలను నిషేధించెను. చట్టము పందెమును వారింపగలదు, మిత్రులను గూర్పజాలదు. ఆ పని గోష్ఠిదే.

నిత్యసాధనకు దగిన తోడు దొరకినచో ఫలమెట్టిదో ఈ సీమయే చూపినది. 1987లో గుడివాడయందు జన్మించిన కోనేరు హంపికి చదరంగమున దండ్రి అశోక్ తొలి గురువు. ఆమె 2002లో గ్రాండ్‌మాస్టరయ్యెను. 2019లోను 2024లోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత యయ్యెను. ఎదుట గూర్చుండువాడు శత్రువు గాడు, సాధనకు సహాయుడు అనుట కింతకంటె నిదర్శనము వలదు.

కావున వేటునకు ముందే యొడబడిన పేరు, ఓడినవానికి బునఃప్రవేశము, వ్యయమునకు మించని చందా యను నీ మూడును క్రీడాగోష్ఠికి బ్రాణములు. వీనిలో నొకటి తొలగినను అరుగు మిగులును, ఆడువారు మిగులరు. పాణిని సూత్రము ద్యూతమువలన నిష్పన్నమైనదానిని జెప్పినదే గాని, అది వైరమే కావలెనని నియమింపలేదు. వైరము వృత్తికారుల యుదాహరణమాత్రము. ఆక్షద్యూతికమైన సఖ్యమనుటకు వ్యాకరణ మడ్డుపడదు. ఆ ప్రయోగమును సార్థకము చేయుట ఆడువారి చేతిలోనిది.