చప్పుడు తక్కువ, చలువ ఎక్కువ: డెస్క్‌టాప్ కంప్యూటరుకు ఫ్యాన్ల ఎంపిక

డెస్క్‌టాప్ కంప్యూటరు పెట్టెలోని ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై మొదలైన భాగాలు పనిచేసేటప్పుడు వేడిని పుట్టిస్తాయి. ఆ వేడిగాలిని వెలుపలికి పంపి, గదిలోని గాలిని లోపలికి తీసుకునే సాధనమే కూలింగ్ ఫ్యాను. వేడి బయటికి పోని పక్షంలో ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగాన్ని తగ్గించుకుంటుంది. నేటి ప్రాసెసర్లలో చాలావాటికి ఈ హద్దు 95 నుండి 100 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. వేడి ఇంకా పెరిగితే యంత్రం హఠాత్తుగా ఆగిపోతుంది. భద్రపరచని పని పోతుంది.

బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలను తాకడం మామూలే. ఎంతటి ఫ్యానైనా పెట్టెలోని భాగాలను గదిలోని గాలికంటె చల్లగా చేయజాలదు. కనుక చల్లని గదిలో నెమ్మదిగా తిరిగే ఫ్యాను, వేసవిలో హోరెత్తుతుంది. పైగా అనేక ఇళ్లలో కంప్యూటరు ముందు చదివే పిల్లలు, పక్కనే నిద్రించే పెద్దలు ఒకే గదిలో ఉంటారు. అట్టి ఇంట చలువ ఎంత అవసరమో, నిశ్శబ్దమూ అంతే అవసరం.

కొనడానికి ముందు

హోరుకు కారణం ఒక్కోసారి ఫ్యాను కాదు, దుమ్ము. ప్రాసెసరుపై గల లోహపు రేకుల నడుమ దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు; ఫ్యాను ఎంత తిరిగినా ఫలితం ఉండదు. ప్లగ్గు తీసివేసి, రెక్కలను వేలితో కదలకుండా పట్టుకొని, మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలి. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఇంట్లో విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

కంప్యూటరును వెనుకవైపు మూసి ఉన్న బల్ల అరలో ఉంచితే, వదిలిన వేడిగాలినే అది తిరిగి పీల్చుకుంటుంది. గోడకు కనీసం జానెడు ఎడం ఉండాలి. పనిచేసేటప్పుడు పెట్టెపై గుడ్డ కప్పరాదు.

పరిమాణం

ఫ్యాన్లు సాధారణంగా 80, 92, 120, 140 మిల్లీమీటర్ల చదరపు చట్రాలతో లభిస్తాయి. పెద్ద రెక్కల ఫ్యాను నెమ్మదిగా తిరిగి కూడా, చిన్న ఫ్యాను వేగంగా తిరిగి పంపేటంత గాలిని పంపగలదు. అందువల్ల పెట్టెలో పట్టే ఫ్యాన్లలో పెద్దదాన్నే ఎంచుకోవడం మేలు. ఏది పడుతుందో తెలియనిచో పక్కపక్కన గల రెండు మరల రంధ్రాల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవాలి. ఆ దూరం 71.5 మి.మీ. అయితే 80 ఫ్యాను, 82.5 అయితే 92, 105 అయితే 120, 124.5 అయితే 140 ఫ్యాను సరిపోతుంది.

అట్టపెట్టె మీది అంకెలు

ఆర్.పి.ఎం. అనగా నిమిషానికి తిరిగే చుట్లు. సి.ఎఫ్.ఎం. అనగా నిమిషానికి పంపే గాలి, ఘనపుటడుగులలో. స్టాటిక్ ప్రెషర్ అనగా అడ్డంకిని దాటించి గాలిని నెట్టగల ఒత్తిడి. చప్పుడును డెసిబెల్‌లలో తెలుపుతారు. 10 డెసిబెల్‌లు పెరిగితే చెవికి సుమారు రెట్టింపు చప్పుడుగా తోస్తుంది.

గాలి పరిమాణం ఒక్కటే చూసి కొనరాదు. ఆస్ట్రియా దేశపు నోక్టువా సంస్థ తయారుచేసిన రెండు 120 మి.మీ. ఫ్యాన్లను పోల్చి చూడవచ్చు. ఎన్.ఎఫ్.-ఎస్12ఏ రకం 1200 చుట్లతో గంటకు 107.5 ఘనమీటర్ల గాలిని పంపుతుంది. దాని ఒత్తిడి 1.19 మి.మీ. నీటిమట్టం, చప్పుడు 17.8 డెసిబెల్‌లు. ఎన్.ఎఫ్.-ఎఫ్12 రకం 1500 చుట్లతో 93.4 ఘనమీటర్లే పంపినా ఒత్తిడి 2.61, చప్పుడు 22.4. ఇవి తయారీదారు ప్రకటించిన అంకెలు. అడ్డులేని వెనుక కిటికీకి మొదటి రకం తగినది. దుమ్ము జల్లెడ వెనుక గాని, ప్రాసెసరు లోహపు రేకులపై గాని అమర్చుటకు రెండవ రకం తగినది.

ఒకటికంటె రెండు మేలు

ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి కూడా సగమవుతుంది. చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్‌లు తగ్గుతుంది. అదే వేగంతో రెండవ ఫ్యానును చేర్చితే పెరిగే చప్పుడు 3 డెసిబెల్‌లే. అనగా సగం వేగంతో తిరిగే రెండు ఫ్యాన్లు, పూర్తి వేగంతో తిరిగే ఒక ఫ్యానుతో ఇంచుమించు సమానంగా గాలిని పంపుతూ, ఎంతో తక్కువ చప్పుడు చేస్తాయి.

బేరింగు, పిన్నులు

స్లీవ్ బేరింగు ఫ్యాను చౌక. కొత్తలో నిశ్శబ్దంగా ఉంటుంది. వేడికి దాని నూనె ఆరిపోయినప్పుడు గరగరమంటుంది. బాల్ బేరింగు వేడికి తట్టుకుంటుంది, కాని సన్నని రొద ఉంటుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగు నిశ్శబ్దం, మన్నిక రెండూ గలది; ధర ఎక్కువ.

3 పిన్నుల ఫ్యాను వేగం వోల్టేజీని బట్టి మారుతుంది. 4 పిన్నుల ఫ్యానుకు నాలుగవ తీగ ద్వారా వేగపు ఆజ్ఞ అందుతుంది. వేడిని బట్టి వేగం సాఫీగా పెరిగి తగ్గుతుంది. మదర్‌బోర్డుపై 4 పిన్నుల చోటు ఉన్నచో ఈ రకమే మేలు. బయోస్‌లో వేగాన్ని సరిచేయుటకు వీలుంటుంది.

అమరిక

ముందువైపు ఫ్యాను గాలిని లోపలికి తీసుకోవాలి. వెనుక, పైన ఉన్నవి వెలుపలికి పంపాలి. ఫ్యాను చట్రం అంచున బాణపు గుర్తు ఉంటే అదే గాలి పోయే దిశ. గుర్తు లేనిచో, మోటారును పట్టి ఉంచే కమ్మీలు గల వైపునుండి గాలి వెలువడుతుందని గ్రహించాలి. లోనికి వచ్చే గాలి కొంచెం ఎక్కువగా ఉండి, ముందువైపు జల్లెడ ఉన్నచో సందుల గుండా దుమ్ము చొరబడడం తగ్గుతుంది. మరకు, చట్రానికి మధ్య రబ్బరు బిళ్లలు వేస్తే పెట్టె అదురు తగ్గుతుంది.

దుకాణంలో

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కన్నడమూ, చెన్నై రిచీ వీధిలో తమిళమూ, సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తెలుగూ వినవస్తాయి. దుకాణదారు ఏ భాషలో మాట్లాడినా అట్టపెట్టె మీది అంకెలు మారవు. రంధ్రాల దూరం, పిన్నుల సంఖ్య, చుట్లు, డెసిబెల్‌లు, బేరింగు రకం అనే ఐదింటిని కాగితంపై వ్రాసుకొని వెళ్లినవారు మోసపోరు. రంగురంగుల దీపాలు గల ఫ్యాను కంటికి ఇంపుగా ఉండవచ్చు. దీపం వల్ల చలువ పెరగదు. ఆ ధరతో 4 పిన్నుల సాదా ఫ్యాను కొనడం ఇంటికి మేలు.