బార్కాస్ అరబ్బులు: ఆరోగ్య పరిశోధనలో ఇంటర్వ్యూ పద్ధతులు

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దగ్గరున్న బార్కాస్‌లో యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఎక్కువ. వీరిని చౌష్‌లంటారు. పూర్వికులు నిజాం కొలువులో సిపాయిలు. వారు ఎప్పుడు వచ్చారన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. నిజాములే నేరుగా పిలిపించారన్నది ప్రచారంలో ఉన్న కథనం. మరాఠా కొలువుల్లో ఉన్నవారు 1818లో పీష్వాల పతనం తర్వాత ఇటు మళ్ళారన్నది మరొకటి. రెండోదే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది, అంతకుముందే కొందరు వచ్చి ఉండవచ్చు.

భాష: ఇక్కడ వాడుకలో ఉన్నది ప్రధానంగా దక్కనీ ఉర్దూ. అరబ్బీ ప్రశ్నావళి చికిత్స కోసం నగరానికి వచ్చే యెమెన్, ఒమన్ రోగులకు పనికొస్తుంది గానీ బార్కాస్‌లో అంతగా అక్కరకు రాదు. ఆ రోగుల దగ్గర కూడా వెంట వచ్చిన బంధువునే దుబాసీగా పెట్టుకోవడం మంచిది కాదు. క్యాన్సర్ వంటి జబ్బు పేరును రోగి చెవిన పడనివ్వని కుటుంబాలున్నాయి.

సమ్మతి: ఇంటి పెద్దను ముందు కలవడం మర్యాద. అయితే భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పెద్దల అనుమతి వ్యక్తి సమ్మతికి బదులు కాదు. కోడలిని అడిగిన ప్రశ్నకు అత్తగారు జవాబిస్తే దాన్ని కోడలి మాటగా రాసుకోకూడదు. పరిశోధకురాలు వేరే గదిలో, వీలైతే మరో పూట, కోడలితో విడిగా మాట్లాడాలి. హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన 1948 పోలీసు చర్య తర్వాత అరబ్బులు ఎందరో నిర్బంధానికి, దేశ బహిష్కరణకు గురయ్యారు. అందుకే పుట్టుక, జాతీయత గురించిన ప్రశ్నలను అవసరమైతే తప్ప అడగకపోవడం, అడిగితే కారణం చెప్పడం న్యాయం.

ఆహార ప్రశ్నలు: అన్నం, మాంసంతో చేసే మండీని పెద్ద పళ్ళెంలో నలుగురైదుగురు కలిసి తింటారు. ‘మీరెంత తిన్నారు?’ అంటే సరైన జవాబు దొరకదు; ఎంత వండారు, ఎందరు కూర్చున్నారు, ఎంత మిగిలిందని అడగాలి. రంజాన్‌లో నిన్నటి తిండిని పొద్దుటి నుంచి కాక సాయంత్రం ఇఫ్తార్ నుంచి తెల్లవారుజాము సహరి దాకా రాబట్టాలి. మధుమేహం మందుల వేళలు కూడా ఉపవాసంతో మారతాయి.

పరిధి: ఈ పద్ధతులను ముస్లింలందరికీ వర్తింపజేయరాదు. ఉదాహరణకు, హౌరాలోని టికియాపారా ఉర్దూ బస్తీల్లో గోప్యత, రంజాన్ వేళల విషయాలు కొంతవరకు పనికొస్తాయి. హద్రమీ వంశం, నిజాం సైన్యం, 1948 అనుభవం అక్కడివారివి కావు. మతాన్ని బట్టి ప్రశ్నావళి తయారుచేస్తే ఎదుటి మనిషి చెప్పేది వినబడదు. ప్రతి పేటలోనూ స్థానిక మహిళలతో ముందుగా ప్రశ్నలను సరిచూసుకోవడమే సరైన మార్గం.