నడుముకు కట్టిన విద్యుత్తు

ఖర్కాయీ నదికి ఒక ఒడ్డున జంషెడ్‌పూరు, మరొక ఒడ్డున ఆదిత్యపూరు ఉన్నవి. ఆ నది మరికొంత దూరము సాగి, సోనారి చెంత దోముహానీ అనే చోట సువర్ణరేఖలో కలిసిపోతున్నది. 1912లో ఇక్కడి కొలిమినుండి మొదటి ఉక్కు వెలువడిన నాటినుండి ఈ ప్రాంతపు చరిత్రను బరువైన వస్తువుల పేర్లతోనే చెప్పుట మనకు అలవాటైపోయినది. పట్టాలు, దూలాలు, ఇంజన్లు, లారీలు! శ్రీకాకుళము వైపునుండి బ్రతుకుతెరువుకై ఇచటికి వచ్చి, బిష్టుపూరులో రామమందిరము కట్టుకొన్న తెలుగువారి ముచ్చటలలో కూడ ఈ మాటలే ఎక్కువ. 1972లో ఆదిత్యపూరు పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి సంస్థ ఏర్పడిన పిదప, నదికి ఆవలి ఒడ్డున వందలకొలది చిన్న కార్ఖానాలు లేచి, మోటారు బండ్ల విడిభాగాలను తయారుచేయ నారంభించినవి. అటువంటి కార్ఖానాలలో నేడు పనివాడు గోడనున్న ప్లగ్గుకోసము వెదకకుండనే, పిడిలో బ్యాటరీ అమర్చిన డ్రిల్లును చేతబట్టి మరలు బిగిస్తున్నాడు. ఉక్కు చరిత్రకు ఇన్ని గ్రంథాలుండగా, ఈ పిడిలోని చిన్న వస్తువుకు చరిత్ర వ్రాయవలెనన్న తలంపు ఎందరికో కలిగినట్లు లేదు.

విద్యుద్ఘటాలు రెండు విధాలు. 1800లో వోల్టా పేర్చి చూపిన ఘటములో లోహము కరగిపోతూ విద్యుత్తు నిస్తుంది; లోహము తరుగగానే దాని పని ముగుస్తుంది. రెండవది తిరిగి జీవము పోసుకొనేది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో రెండు సీసపు రేకులను నడుమ ఎడము ఉండునట్లు చాపవలె చుట్టి, నీరు కలిపిన గంధకికామ్లములో ముంచినాడు. విద్యుత్తు నిచ్చునప్పుడు రెండు రేకులపైనను సీసపు గంధకితము ఏర్పడుతుంది. వెలుపలినుండి విద్యుత్తును ఎదురు దిక్కుగా పంపితే ఒక రేకుపై సీసము, రెండవదానిపై సీసపు డయాక్సైడు తిరిగి ఏర్పడుతవి. 1881లో కామిల్ ఫోర్ సీసపు భస్మాన్ని ముద్దగా చేసి రేకులకు పట్టించుటతో ఇది కార్ఖానాలలో చేయదగిన సరుకైనది. మన పాఠ్యగ్రంథాలు దీనికి సంచాయక ఘటమని పేరు పెట్టినవి. పేరు సొగసైనదే కాని, కుండలో నీరు పోసినట్లు విద్యుత్తును ఇందులో పోసి దాచుతారన్న భ్రమను కలిగిస్తుంది. దాగియున్నది విద్యుత్తు కాదు, పదార్థాల అమరిక. ఆ అమరిక ఎన్నిమార్లు చెడి ఎన్నిమార్లు తిరిగి కుదురుకొనగలదన్నదే ఈ చరిత్ర యంతటికీ మూలమైన ప్రశ్న.

సీసముతో చిక్కు దాని బరువు. స్వీడనుదేశస్థుడు వాల్డెమార్ యుంగ్నర్ 1899లో నికెలు, కాడ్మియములతో ఘటము నిర్మించినాడు. అమెరికాలో ఎడిసన్ దాదాపు అదే కాలమున నికెలు, ఇనుములతో మరొకటి చేసి, దానితో మోటారు బండ్లు నడుపవలెనని కలగన్నాడు. పెట్రోలు బండి ఆ కలను చెరిపివేసినది. కాని ఎడిసన్ ఘటానికి ఎవరూ అంతగా ఎదురుచూడని చోట గౌరవము దక్కినది. 1914 ప్రాంతాన అది బొగ్గుగని పనివాని నడుమునకెక్కి, అక్కడినుండి తీగ ద్వారా అతని టోపీపైనున్న దీపానికి వెలుగు నందించినది. అంతకు పూర్వము గనిలో దీపమంటే చాలవరకు మంటయే. 1815లో హంఫ్రీ డేవీ ఆ మంటచుట్టూ తీగెల వల అల్లి ప్రమాదాన్ని తగ్గించినాడే కాని, మంట మంటగానే ఉండిపోయినది. మండే వాయువు నిండిన చోట మంటను పట్టుకొని తిరుగవలసిన దుర్గతి తొలగినది నడుముకు బ్యాటరీ కట్టిన నాడే.

చేతి పరికరాల బ్యాటరీలకు చరిత్ర చెప్పువారు సామాన్యముగా 1961లో, అమెరికాలో, డ్రిల్లుతో ప్రారంభిస్తారు. మన దేశమున దానిని ఈ గని దీపముతోనే ప్రారంభించవలెనని నా అభిప్రాయము. టాటా కొలిములకు బొగ్గు నిచ్చిన ఝరియా గనులలోను, 1889లో త్రవ్వకము మొదలైన మన సింగరేణిలోను, దిగువకు పోయే ప్రతి మనిషి వెంట తిరిగి నింపుకొనదగిన బ్యాటరీ పోవుట ఒక ఆచారమైనది. మన గనులలో ఎక్కువగా వాడుకలోనుండినది నాలుగు వోల్టుల సీసపు బ్యాటరీయే. దాని బరువు సుమారు రెండు కిలోలు. వంగి నడువవలసిన చోట, పాకవలసిన చోట, షిఫ్టు పొడవునా ఆ బరువు నడుమును పట్టి లాగుతూ ఉంటుంది. పెట్టె పగిలినా మూత వదులైనా ఆమ్లము కారి బట్టలను కాల్చి చర్మాన్ని అంటుకొంటుంది.

గని ముఖద్వారము చెంత ల్యాంపు రూము ఉంటుంది. షిఫ్టు ముగిసి పైకి వచ్చినవాడు తన దీపాన్ని అక్కడ అప్పగించవలె. అది వరుసలోని తన సంఖ్యగల చోట తగులుకొని మరునాటికి విద్యుత్తు నింపుకొంటూ ఉంటుంది. ఏ ఖానా ఖాళీగా మిగిలినదో ఆ సంఖ్యగల మనిషి ఇంకను దిగువనే ఉన్నాడన్నమాట. ఈ విధముగా ఛార్జింగు పలక పనివారి హాజరు పట్టీ కూడ అయినది. ప్రమాదము జరిగిననాడు అధికారులు మొదట చూచేది ఆ ఖాళీలనే. విద్యుద్రసాయనపు గ్రంథాలలో ఈ విషయము కనబడదు. కాని బ్యాటరీ మనిషి జీవితములో ఎంత లోతుగా ప్రవేశించినదో తెలియుటకు దీనిని మించిన సాక్ష్యము నాకు దొరకలేదు.

ఇక డ్రిల్లు సంగతి. యుంగ్నర్ ఘటము వాయువులను వెలువరించేది కనుక మూత బిగించుటకు వీలులేకపోయినది. 1947లో జార్జ్ నోయ్‌మన్ ఆ వాయువులను ఘటములోనే ఇంకిపోవునట్లు చేసి, పూర్తిగా మూసివేయదగిన నికెలు-కాడ్మియము ఘటాన్ని సాధించినాడు. తలక్రిందుగా పట్టినా కారని బ్యాటరీ అప్పటికి గాని రాలేదు. అది లేనిదే చేతి పరికరము లేదు. 1961లో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ తీగ లేని డ్రిల్లును విడుదల చేసినది. దానికి ఉన్నది 4.8 వోల్టులే, బలము మిక్కిలి స్వల్పము. తీగ లేని పరికరాలన్నవి చంద్రయాత్ర పుణ్యమున పుట్టినవని లోకములో ఒక ప్రతీతి ఉన్నది. అది సరికాదు. డ్రిల్లు ముందు పుట్టినది, చంద్రుని వద్దకు తరువాత పోయినది. 1971లో అపోలో 15 యాత్రికులు చంద్రతలాన్ని తొలుచుటకు వాడిన ఆ సంస్థవారి యంత్రానికి వెండి-జింకు బ్యాటరీ అమర్చినారు. ఖరీదు ఎక్కువైనను తక్కువ బరువులో ఎక్కువ శక్తి నిచ్చునది గనుక ఆ జాతి ఘటాలు ఆయుధాలకు, అంతరిక్షానికి ప్రత్యేకింపబడినవి. మన హైదరాబాదులో 1977లో హైదరాబాద్ బ్యాటరీస్ అనే పేరుతో మొదలై నేడు హెచ్.బి.ఎల్. అని పిలువబడుతున్న సంస్థ ఈ వెండి-జింకు ఘటాలను, విమానాలకు కావలసిన నికెలు-కాడ్మియము ఘటాలను స్వదేశములోనే చేయుటకు పూనుకొన్నది.

నికెలు-కాడ్మియము ఘటము మొరటుది. దెబ్బలకు, చలికి, ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తును లాగుటకు ఓర్చుకొంటుంది. అందుచేతనే వడ్రంగికి, మెకానిక్కుకు ప్రీతిపాత్రమైనది. పూర్తిగా ఖాళీ చేయకుండ మాటిమాటికి నింపితే సామర్థ్యము తగ్గుతుందన్న అపవాదు దానికి ఉన్నది. అందులో నిజము కొంత, పుకారు కొంత. అంతకంటె పెద్ద దోషము కాడ్మియము విషము కావడము. జపానులో జింజు నది పరీవాహమున ఎముకలు గుల్లబారి జనులు నరకయాతన పడిన ఇతాయి-ఇతాయి వ్యాధికి గనినుండి నదిలో కలిసిన కాడ్మియమే కారణమని అచటి ప్రభుత్వము 1968లో అంగీకరించినది. ఐరోపా దేశాలు 2006లో చిన్న బ్యాటరీలలో కాడ్మియమును నిషేధించినప్పుడు కూడ తీగ లేని పరికరాలను మాత్రము మినహాయించినవి. ఆ మినహాయింపు 2016 చివరకు గాని ముగియలేదు. చేతి పనివాని అవసరము ఎంత మొండిదో దీనివలన తెలుస్తున్నది.

లిథియము కథ నేడు అందరికీ కొంత తెలిసినదే గనుక క్లుప్తముగా చెబుతాను. 1970 దశకములో స్టాన్లీ విట్టింగ్‌హామ్ దానికి దారితీసినాడు. 1980లో ఆక్స్‌ఫర్డులో జాన్ గుడెనఫ్ బృందము కోబాల్టు ఆక్సైడును ధనధ్రువముగా నిలిపినది. 1985లో అకిరా యోషినో లిథియపు లోహాన్ని తొలగించి, దాని స్థానే కర్బనమును పెట్టి అపాయమును తగ్గించినాడు. 1991లో సోనీ దానిని విపణికి తెచ్చినది. ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి 97 ఏండ్ల వృద్ధుడైన గుడెనఫ్ తరఫున నోబెల్ ఉపన్యాసము చేసినవాడు తమిళదేశమున పుట్టిన అరుముగం మంథిరామ్. కోబాల్టుకు బదులు ఇనుమును, ఫాస్ఫేటును వాడవచ్చునని 1997లో ప్రకటించిన పత్రములో గుడెనఫ్‌తోపాటు పాఢి, నంజుండస్వామి అనే భారతీయుల పేర్లున్నవి. పరికరాలకు ఈ ఘటాలు కొంత ఆలస్యముగా వచ్చినవి. 2003లో బాష్ వారి చిన్న స్క్రూడ్రైవరు, 2005లో మిల్వాకీ వారి 28 వోల్టుల పరికరాలు వెలువడినవి. ఒక్క లిథియపు ఘటము 3.6 వోల్టుల నిస్తే, అంతటి కొరకు నికెలు ఘటాలు మూడు కావలె. గని దీపము సైతము ఎల్.ఇ.డి., లిథియములతో కొన్ని వందల గ్రాములకు దిగివచ్చినది. నడుము మీది రెండు కిలోలు దిగుటకు దాదాపు నూరేండ్లు పట్టినవి.

నదికి ఈవల, జంషెడ్‌పూరులోని బర్మామైన్సు ప్రాంతాన జాతీయ లోహశోధనాలయము ఉన్నది. 1946 నవంబరు 21న రాజగోపాలాచారిగారు దానికి శంకుస్థాపన చేసినారు; 1950 నవంబరు 26న నెహ్రూగారు ప్రారంభించినారు. ఉక్కునగరములో ఉన్నందున అది ఉక్కును గురించియే శోధిస్తుందని తలచుట సహజము. కాని తొలినాళ్లలోనే అచటివారు మన తక్కువజాతి మాంగనీసు ఖనిజమునుండి టార్చిలైటు ఘటాలకు కావలసిన మాంగనీసు డయాక్సైడును విద్యుద్విశ్లేషణ ద్వారా తీయుటకు కృషిచేసినారు. తరువాతి కాలమున హిందూమహాసముద్రపు అడుగున పడియున్న లోహపు గుండ్లనుండి రాగి, నికెలు, కోబాల్టులను వేరుచేయు మార్గాలను పరిశోధించినారు. భూమినుండి కోబాల్టును త్రవ్వితీయని దేశము సముద్రగర్భము వైపు చూచినది. ఇటీవల వారి చూపు మరొక గని మీద పడినది. అది చెత్తకుప్ప. పాడైన లిథియపు బ్యాటరీలలో మిగిలిన శక్తిని మొదట పూర్తిగా హరించి, పిండిచేసి, జల్లించి, వచ్చిన నల్లని పొడిని ఆమ్లములో కరిగించి, సేంద్రియ ద్రావకాలతో ఒక్కొక్క లోహాన్ని విడదీసి కోబాల్టును, లిథియమును లవణాలుగా తిరిగి రాబట్టే పద్ధతులను వారు రూపొందించినారు. ప్రపంచములో త్రవ్వే కోబాల్టులో సుమారు మూడింట రెండువంతులకు పైగా ఒక్క కాంగో దేశమునుండే వస్తున్న ఈ కాలమున ఇది చిన్న విషయము కాదు.

అయినను ప్రయోగశాల చేయగలది సగమే. పాత బ్యాటరీ ప్రయోగశాలకు తనంత తాను నడచిరాదు. సీసము విషయములో మనకు చేదు అనుభవము ఉన్నది. పాత సీసపు బ్యాటరీకి విలువ ఉన్నందున దానిని పారవేయువాడు లేడు; కాని ఆ విలువయే దానిని పెరటి కొలుములకు చేర్చుతున్నది. పెట్టెను గొడ్డలితో పగులగొట్టి, ఆమ్లాన్ని నేలమీద కుమ్మరించి, పలకలను బహిరంగముగా కరగించే చోట పొగలోని సీసము ముందుగా చేరేది పిల్లల రక్తములోనికి. యూనిసెఫ్ సంస్థ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారము, రక్తములో సీసము హద్దుమీరిన బాలలు ప్రపంచములో 80 కోట్ల వరకు ఉంటే, వారిలో 27 కోట్ల 50 లక్షలమంది మన దేశమువారు. ఈ కీడుకు ముఖ్యకారణాలలో పాత బ్యాటరీలను కరగించుట ఒకటని ఆ నివేదికయే చెప్పినది. 2001లోనే మనకు బ్యాటరీల నిబంధనలు వచ్చినవి. అమ్మినవాడు పాతది తిరిగి తీసుకొనవలెనని అవి శాసించినవి. శాసనము కాగితము మీదను, కొలిమి పెరటిలోను ఉండిపోయినవి.

లిథియపు బ్యాటరీకి ఇందుకు విపరీతమైన చిక్కు. విడి ఘటములో పాతసామానువానికి గిట్టుబాటయ్యే లోహము స్వల్పము. అందుచేత డ్రిల్లు పిడిలోనిదైనా, ఫోనులోనిదైనా సొరుగులలో మూలుగుతుంది, లేదా ఇనుప తుక్కుతో కలిసి గోనెలో పడుతుంది. నలిగి లోపలి ధ్రువాలు రెండు తాకితే నిప్పు పుడుతుంది. ఆ నిప్పు సులభముగా ఆరదు. 2022 ఆగస్టులో వెలువడిన కొత్త నిబంధనలు అన్ని రకాల బ్యాటరీలను తమ పరిధిలోనికి తెచ్చి, తిరిగి సేకరించి శుద్ధిచేయించే భారాన్ని తయారీదారుని మీద పెట్టినవి. చిన్న బ్యాటరీలనుండి తిరిగి రాబట్టవలసిన పదార్థము 2024-25లో నూటికి 70 పాళ్లు, 2026-27 నాటికి 90 పాళ్లు అని లెక్క కట్టినవి. 2027-28 మొదలుకొని కొత్త బ్యాటరీలో కొంత భాగము పాతదానినుండి తీసిన పదార్థమే ఉండవలెనన్నవి. 1985లో కరకంబాడిలో సీసపు బ్యాటరీలతో మొదలైన అమరరాజా సంస్థ 2023 మేలో మహబూబ్‌నగరు చెంత దివిటిపల్లిలో లిథియపు ఘటాల కర్మాగారానికి పునాది వేసినది. దానికిని, ఖర్కాయీ ఒడ్డున డ్రిల్లు పట్టిన చిన్న కార్ఖానాకును ఈ నిబంధనలు వర్తిస్తవి. ఆ కార్ఖానా మూలన ఛార్జి పట్టని బ్యాటరీలు వేసిన రేకు డబ్బాను ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి తీసుకొనిపోవలెనన్న ప్రశ్నకు గనిలోని ల్యాంపు రూములో ఏనాడో సమాధానము ఉండినది. అక్కడ ప్రతి బ్యాటరీకి ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఒక ఖానా ఉండేవి. రాత్రికి అది రాకపోతే వెదకుటకు మనుషులు బయలుదేరేవారు.