రంగం వలసలు: బర్మాలో తెలుగు కూలీలపై జాతిద్వేషం

తీరాంధ్ర పల్లెల్లో రంగం అంటే రంగూన్. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి 1942 దాకా గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పేదలు కూలి కోసం ఓడెక్కి వెళ్లిన ఊరది. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైంది. ఇరావతి డెల్టాలో వరిసాగు పెరిగేకొద్దీ రేవులకూ బియ్యం మిల్లులకూ మనుషులు కావలసివచ్చారు. కృష్ణా డెల్టా నుంచి మాత్రం ఈ వలస అంత పెద్దఎత్తున సాగలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక అక్కడి కాలువల కింది పొలాలకే కూలీలు అవసరమయ్యారు. వానల మీదే బతికే ఉత్తరాంధ్ర పేదకు ఆ ఆసరా లేదు.

కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమర్లు నడిచేవి. టిక్కెట్టు డబ్బు, ఇంటిదగ్గర ఖర్చులకు కొంత అడ్వాన్సు మేస్త్రీ ఇచ్చేవాడు. రంగంలో కూలి డబ్బు కూడా అతని చేతి మీదుగానే వచ్చేది. బాకీ, వాటా మినహాయించుకున్నాక మిగిలిందే కూలీది. ఓడల్లో బస్తాలు మోయడం, రిక్షాలు లాగడం, పాకీ పని చాలావరకు తెలుగువారి వంతే. కిక్కిరిసిన బసల్లో చోటు దొరకనివాళ్లు రోడ్డు పక్కనే పడుకునేవారు. 1931 జనగణన నాటికి రంగూన్‌లోని నాలుగు లక్షల జనంలో సగానికి పైగా, 2,12,929 మంది, భారతీయులే. వారిలో తెలుగువారిని కోరంగి రేవు పేరు మీద ‘కొరంగీలు’ అనేవారు. కష్టం చేసేవాడి మీద చిన్నచూపు ఆ పిలుపులోనే వినిపించేది.

1930 మే నెలలో ఆ చిన్నచూపు హింసగా మారింది. కూలి పెంచాలని తెలుగు రేవు కూలీలు సమ్మె కట్టారు. ఓడల కంపెనీలకు సరుకు దించే కాంట్రాక్టర్లు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. బేరం కుదిరి సమ్మె ముగిసింది. మే 26న తెలుగువారు తిరిగి పనిలో చేరగానే బర్మీయులకు పని పోయింది. రేవులో మొదలైన కొట్లాట కొద్ది గంటల్లో నగరమంతా పాకింది. కొన్నాళ్లపాటు సాగిన దాడుల్లో వంద మందికి పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. వారిలో అత్యధికులు తెలుగు కూలీలు. అప్పటి రంగూన్ జిల్లా మేజిస్ట్రేటు మారిస్ కాలిస్ తన ‘ట్రయల్స్ ఇన్ బర్మా’ పుస్తకంలో ఈ రోజులను రాశాడు. తిండికి తడుముకుంటున్న బర్మీయుడి చేత, అంతే పేదవాడైన తెలుగువాడిని కొట్టించిన పరిస్థితిని తెచ్చిపెట్టింది కాంట్రాక్టర్ల లెక్కే. ఆ కాంట్రాక్టర్ల మీద మాత్రం దెబ్బ పడలేదు.

  

1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1941లో వలసలకు పగ్గాలు వేస్తూ రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఏడాది డిసెంబరు 23న రంగూన్‌పై జపాన్ బాంబులు వేసింది. ఓడల్లో చోటు దొరకని లక్షల మంది భారతీయులు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగుకూ, తమూ దారిన మణిపూర్‌కూ నడిచారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే వేల మంది రాలిపోయారు. యూరోపియన్లకు సౌకర్యాలున్న దారిని కేటాయించి, భారతీయులను కష్టమైన దారిలో పంపారని భారతదేశంలోని నాయకులు తీవ్రంగా నిరసించారు.

1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాల జాతీయీకరణతో, 1964లో పెద్దనోట్ల రద్దుతో మిగిలినవారు కూడబెట్టుకున్నది కూడా పోయింది. లక్షకు పైగా భారతీయులు వెనక్కి వచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆనాటి కాందిశీకుల వాడే. బర్మాలోనే ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు 1982 పౌరసత్వ చట్టం కొత్త చిక్కు తెచ్చింది. 1823కు ముందు నుంచీ ఆ నేల మీద ఉన్న జాతులనే అది దేశ జాతులుగా గుర్తించింది. కొరంగీల మనవలు, మునిమనవలు ఆ లెక్కలోకి రారు.