జాతి గొడ్డు ఏది?

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో పశుపాలకుడు ఎవరు, గోష్ఠ ప్రాపకుడు ఎవరు అని పురోహితుడు చదువుతుంటే మన పెద్దలు చెవులు రిక్కించి వినేవారు. పశువులను కాచేదెవరు, దొడ్డికి చేర్చేదెవరు అన్నది పంచాంగం చెప్తుంది. దొడ్డికి చేరిన గొడ్డు ఎటువంటిదో మాత్రం చెప్పదు. దానిని ఎంచవలసినవాడు రైతే.

సిరొంచవారమైన మాకు యీ ఎంపిక ఎప్పుడూ చిక్కుగానే వున్నది. మా ఊరు ప్రాణహిత ఎడమ గట్టున, గోదావరి సంగమానికి ఎగువన వున్నది, ఎదురుగా కాళేశ్వరం. 1860 ఒప్పందంతో నైజాం చేతి నుండి ఇంగ్లీషువారికి వచ్చి ఎగువ గోదావరి జిల్లాకు కచేరీ ఊరైనాము. 1874లో చాందా జిల్లాలో కలిపినారు. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్రం, 1982లో గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, అడవిలో గోండి, మాడియా. ఇక జాతి పశువు అనగానే మా కళ్ళముందు నిలిచేది మాత్రం ఎక్కడో కోస్తాలోని ఒంగోలు గిత్త!

దాని అందం కాదనలేనిది. తెల్లని ఒళ్ళు, ఆబోతుకు మెడమీద, మూపురం మీద బూడిద నలుపు, కాటుక దిద్దినట్లు కళ్ళ అంచులు, పొట్టి కొమ్ములు, రొమ్ము దాకా మడతలు వేలాడే గంగడోలు. పాతకాలపు బేరగాడు నోరు తెరిచి పళ్ళు చూచి వయసు చెప్పేవాడు. గిట్టలు తట్టి చూచేవాడు. నాలుగడుగులు నడిపించి వెనుక కాలు ముందు కాలి అడుగులో పడుతున్నదా అని కనిపెట్టేవాడు. ఇవన్నీ పనికివచ్చే పరీక్షలే. సుడి చెడ్డదని మంచి కోడెను వదలుకొనడం మాత్రం మేమెన్నడూ ఒప్పుకోలేదు, ఇంట్లో పెద్దలు కోపగించినా సరే.

అయితే కంటికి ఆనేది ఆ గొడ్డు మాత్రమే. దాని తల్లీ తండ్రీ కంటికి ఆనరు. అందుకే పుస్తకం కావలసి వచ్చింది. 1941లో అఖిల భారత హెర్డ్ బుక్ ఆరంభమైనప్పుడు సాహివాల్, గిర్ వంటి జాతులతోపాటు ఒంగోలుకూ అందులో చోటు దొరికింది. రూపురేఖలతోపాటు పాల లెక్క కూడా వుంటేనే ఆవు అందులోకి ఎక్కుతుంది. సముద్రాలకావల బ్రెజిల్‌వారు అంతకు మూడేళ్ళ ముందే, 1938లో, ఉబెరాబాలో జెబూ పశువుల వంశావళిని వ్రాయ మొదలుపెట్టినారు. మన నెల్లూరు పేరుతోనే వారు దానిని నెలోర్ అంటారు. 1960 తరువాతి తొలి సంవత్సరాలలో ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరు పెట్టుకొన్న ఆబోతు ఒకటి అక్కడికి చేరి వేలాది మందలకు మూలపురుషుడైనది. వారికి కావలసింది మాంసం, మనకు కావలసింది దుక్కి, పాడి. ఒకే జాతిని రెండు దేశాలు రెండు త్రాసులలో తూచినాయి.

మావారిలో ఎవరైనా నాలుగు ఒంగోలు ఆవులు తెచ్చి చిన్న మంద కట్టుకొంటే అసలు కష్టం అక్కడ మొదలు. ఆబోతు విలువ దాని కూతుళ్ళ పాలతో తేలవలె. ఆబోతుకు మూడేళ్ళ వయసు, తొమ్మిది నెలల చూలు, పెయ్య పెరిగి ఈనడానికి మూడున్నర నాలుగేళ్ళు, ఆపైన ఒక పాడి కాలం. ఆబోతు మంచిదని తేలేసరికి దానికి ఎనిమిదేళ్ళు దాటుతాయి. ఆ లోపల దానిని మార్చకపోతే కూతురి దూడలకు తాతే తండ్రి అవుతాడు. లోపాలు ఇంటిలోనే ముదురుతాయి. పైగా నలుగురు కూతుళ్ళ పాలు చూచి ఆబోతును తీర్మానించడం నాలుగు మెతుకులు చూచి ఊరి విందు ఎంచినట్లు కాదు. ఇక్కడ మెతుకు మెతుకుకూ తేడా వుంటుంది. పది మందల లెక్కలు కలిస్తేనే తీర్పు.

జోషీ, ఫిలిప్స్ అనే ఇద్దరు 1953లో ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ కోసం వ్రాసిన గ్రంథంలో ఒంగోలును, వార్ధా నాగపూర్ ప్రాంతపు గౌళావును ఒకే వర్గంలో చేర్చినారు. ఉత్తరాన గౌళావు, దక్షిణాన ఒంగోలు. నడుమ మా అడవి. రెండువైపులా పేరున్న బంధువులు వుండగా మా పొట్టి గొడ్లకు మాత్రం ‘ఊరిగొడ్లు’ అన్నదే పేరు. చిన్ననాట మేమూ వాటిని చూచి సిగ్గుపడినవారమే.

ఆ చూపు ప్రభుత్వాలదీను. బొంబాయిలో 1933లో చేసిన పశువుల అభివృద్ధి చట్టం అనుమతి లేని ఆబోతులకు వృషణాలు నొక్కించే అధికారం ఇచ్చింది. మొదటి పంచవర్ష ప్రణాళికలో కీ విలేజ్ పథకం వచ్చి నాసి ఆబోతును తొలగించి జాతి ఆబోతును నిలపమన్నది. పాడికి అది న్యాయమే. కానీ మోకాలిలోతు వరి బురదలో రోజంతా లాగి, సాయంత్రం అడవి గడ్డితో సరిపెట్టుకొనే ఎద్దుకు ఆ పరీక్షలో గడి లేదు.

ఆ గడి ఎట్టకేలకు దొరికింది. గడ్చిరోలి, చంద్రపూర్, గోందియా జిల్లాల కఠాణి పశువును జాతిగా నమోదు చేసినట్లు 2023 జనవరిలో ప్రకటన వెలువడింది. గడ్చిరోలి పట్నం దగ్గర అదే పేరుగల ఏరు వున్నది. బురద నేలలో వరి సేద్యానికి తగిన దుక్కి బలమే దాని సుగుణమని వ్రాసినారు. తెలంగాణలో అమ్రాబాదు పొడ తూర్పు జాతికి అంతకు కొద్ది యేళ్ళ ముందే గుర్తింపు వచ్చింది. 2021లో హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ‘ఇండిగౌ’ అనే చిప్పును విడుదల చేసింది. రక్తపు బొట్టుతో 11,496 గుర్తులు చూచి దేశవాళీ పశువు వంశాన్ని ఎంచవచ్చును.

ఆ చిప్పు మాట మేము అడవి అంచున ఒక ముసలి గొల్లతాతతో చెప్పినాము. ఆయన తన ఆవును చూపి దాని తల్లి పుల్లావు, దాని తల్లి బొల్లి, ఆపై కర్రావు, ఆపై మరొక బొల్లి అని గుక్కతిప్పకుండా చెప్పినాడు.

“మరి తండ్రులో, తాతా?” అన్నాము.

“అడవిలో మేసి వచ్చే ఆవులు బిడ్డా! అది అడవినే అడుగు” అని నవ్వి మందను ఏటికి తోలినాడు.