మోటారు సైకిలు చైను: ఎంపిక, సంరక్షణ

సరిహద్దు పల్లెల్లో మోటారు సైకిలు కేవలం ప్రయాణ సాధనం కాదు. పాల క్యాను, ఎరువుల మూట, బడికి పోయే పిల్లలు, ఆసుపత్రికి పోవలసిన పెద్దలు, అందరి భారమూ దానిపైనే పడుతుంది. ఆ భారాన్ని ఇంజను నుండి వెనుక చక్రానికి చేర్చేది చైను. నడుస్తున్న బండికి చైను తెగినా, పళ్ళ చక్రం నుండి జారి ఇరుక్కున్నా, వెనుక చక్రం హఠాత్తుగా బిగుసుకుని బండి పడిపోయే ప్రమాదం ఉంది. కనుక చైను విషయంలో ఏమరుపాటు తగదు.

చైను ఎలా అరుగుతుంది?

నేడు వాడుకలో ఉన్న రోలరు చైనును 1880లో ఇంగ్లాండులోని మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ రూపొందించాడు. దీనిలో ప్రతి కీలు వద్ద ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు, ఆపైన తిరిగే రోలరు ఉంటాయి. "చైను సాగింది" అని అందరూ అంటారు గాని, నిజానికి ఇనుప పలకలు సాగవు. పిన్నుకూ బుష్షుకూ మధ్య నూనె ఆరిపోయి మట్టి చేరినప్పుడు ఆ రెండూ ఒకదానినొకటి అరగదీసుకుంటాయి. ఒక్కొక్క కీలులో పావు మిల్లీమీటరు వదులు ఏర్పడినా, నూరు కీళ్ళకు అది 25 మిల్లీమీటర్లవుతుంది. చైనును అరగదీసే శత్రువులు రెండు: మట్టి, ఎండిపోవడం.

ఈ శత్రువు ప్రాంతాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. బళ్ళారి, రాయచూరు వైపు నల్లరేగడి తడిసినప్పుడు ముద్దగా అంటుకుని, ఎండిన తరువాత గట్టిపడుతుంది. కృష్ణగిరి ప్రాంతంలో గ్రానైటు క్వారీల దుమ్ము, సిరోంచ దగ్గర ప్రాణహిత, గోదావరుల ఇసుక సన్నని ఆకురాయిలా పనిచేస్తాయి. రాయగడ, కోరాపుట్ కొండదారుల్లో వానతో పాటు ఎగుడు దారి భారం తోడవుతుంది. యానాంలో సముద్రపు గాలిలోని ఉప్పు తేమ త్వరగా తుప్పు పట్టిస్తుంది.

ఎంపిక: అంకెల భాష

సరపళి అన్నా, సంగిలి అన్నా, సాఖళి అన్నా, శికుళి అన్నా వస్తువు ఒక్కటే. దుకాణంలో ఏ భాష మాట్లాడినా చైను పలకపై చెక్కిన అంకె మాత్రం మారదు. ఆ అంకెను చదవడం నేర్చుకుంటే తప్పు సరుకు ఇంటికి రాదు.

మన ప్రాంతాల్లో తిరిగే 100 నుండి 150 సి.సి. బండ్లలో చాలావాటికి 428 చైను ఉంటుంది. మొదటి అంకె ఒక పిన్ను నుండి తరువాతి పిన్నుకు గల దూరాన్ని అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతుంది. 4 అంటే నాలుగు ఎనిమిదో వంతులు, అనగా అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. మిగిలిన రెండంకెలు లోపలి వెడల్పుకు గుర్తు. పెద్ద ఇంజను బండ్లకు, కొండదారుల్లో పరుగెత్తే నాలుగు చక్రాల క్రీడా వాహనాలకు తరచుగా వాడే 520 చైనులో ఈ దూరం 15.9 మిల్లీమీటర్లు. 428 చైను పళ్ళపై 520 చైను కూర్చోదు. అంకె పక్కన హెచ్ అక్షరం ఉంటే పలకలు మరింత మందమని అర్థం. అంకెతో పాటు లింకుల సంఖ్య కూడా పాత చైనుతో సరిపోవాలి.

ఓ-రింగు చైనులో సన్నని రబ్బరు వలయాలు గ్రీజును కీలులోపలే బంధించి ఉంచుతాయి. ధర ఎక్కువైనా మట్టిదారుల్లో అది ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే బండి తయారీదారు దానిని అనుమతించారో లేదో, చైను కవరులో అది పడుతుందో లేదో ముందుగా చూసుకోవాలి.

చైనుతో పాటు ముందు, వెనుక పళ్ళ చక్రాలను కూడా కలిపి సెట్టుగా మార్చడం మేలు. అరిగి కొక్కెంలా వంగిన పళ్ళపై కొత్త చైను వేస్తే అదీ త్వరలోనే పాడవుతుంది. మూటలు లాగేందుకు బలం కావాలని ముందు చక్రానికి ఒక పన్ను తగ్గించే వారున్నారు. 14, 42 పళ్ళు ఉంటే నిష్పత్తి 3. ముందు 13 అయితే 3.23. లాగే బలం పెరుగుతుంది గాని, అదే వేగానికి ఇంజను మరింతగా తిరగవలసి వస్తుంది.

స్కేలుతో పరీక్ష

పిల్లల 30 సెంటీమీటర్ల స్కేలు ఇందుకు చాలు. చైను కవరు విప్పి, చైనును బిగువుగా పట్టి, ఒక పిన్ను మధ్య నుండి మొదలుపెట్టి 21వ పిన్ను మధ్య వరకు కొలవాలి. కొత్త 428 చైనులో ఈ దూరం 254 మిల్లీమీటర్లు. అది 259కి చేరితే, అంటే రెండు శాతం పెరిగితే, చైను మార్చవలసినదే.

బిగువు

అడుగు వరుస మధ్యలో చైనును పైకి, కిందికి కదిపితే చిన్న బండ్లకు సాధారణంగా 20 నుండి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఖచ్చితమైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, ఎక్కువ బిగువుగా ఉన్న చోట కొలవాలి. "బిగిస్తే మంచిది" అన్నది అపోహ. బరువు పడి వెనుక భాగం దిగినప్పుడు చైను ఇంకా బిగుస్తుంది. ముందే బిగించి ఉంటే గేరుబాక్సు బేరింగు దెబ్బతింటుంది.

సరిచేసేటప్పుడు ఇరుసు నట్టు వదులు చేసి, రెండు పక్కల గీతలూ సమానంగా ఉండేటట్లు జరపాలి. నట్టు గట్టిగా బిగించిన తరువాత వెనుక డ్రమ్ము బ్రేకును తప్పక పరీక్షించాలి. చక్రం జరిగితే బ్రేకు ఆట కూడా మారుతుంది. చైను లాక్‌కు క్లిప్పు ఉంటే దాని మూసి ఉన్న కొస చైను సాగే దిశకు ఉండాలి.

శుభ్రత, నూనె

కిరోసిన్‌లో ముంచిన మెత్తని బ్రష్షుతో మట్టి తీసి, గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత 90 నంబరు గేరు ఆయిలును చైను లోపలి వైపు, పలకల మధ్య చుక్కలుగా వేయాలి. కాసేపు ఆగి, పైన మిగిలిన నూనెను తుడిచివేయాలి. పెట్రోలు, ఇనుప బ్రష్షు, బలమైన నీటి ధార ఓ-రింగులకు హాని చేస్తాయి. ఇంజను నుండి తీసిన వాడిన ఆయిలులో లోహపు పొడి ఉంటుంది కనుక అది పనికిరాదు. పైపైన పూసిన గ్రీజు దుమ్మును అంటించుకుంటుంది. సుమారు 500 కిలోమీటర్లకొకసారి ఈ పని చేయాలి. బురదలో, వానలో తిరిగితే ఇంకా ముందే చేయాలి.

ప్రాణభద్రత

ఈ పనులన్నీ ఇంజను ఆపి, తాళం తీసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ మాత్రమే చేయాలి. ఇంజను నడుపుతూ గుడ్డతో తుడిస్తే, గుడ్డతో పాటు వేళ్ళు కూడా పళ్ళ మధ్యకు పోతాయి. సాయం చేయవచ్చే పిల్లలను దూరంగా ఉంచాలి.

శబ్దం వస్తున్నదనో, మట్టి చేరుతున్నదనో చైను కవరును, శారీ గార్డును తీసివేయడం పెద్ద పొరపాటు. వెనుక కూర్చున్న వారి దుస్తులు చిక్కుకోకుండా వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 123వ నియమం చెబుతున్నది. చీర కొంగు, చున్నీ, పంచె అంచు చక్రంలో చిక్కితే కూర్చున్నవారు క్షణంలో కింద పడతారు. చైను ఎంత బాగున్నా, బండి కదిలే ముందు కొంగు సర్దుకున్నారో లేదో చూడడం నడిపేవారి బాధ్యత.