డెక్సామెథసోన్ సూది: ఎవరికి మేలు, ఎవరికి ముప్పు?

వానాకాలం జ్వరాలు మొదలయ్యాయంటే చాలు, ఊళ్లలో, బస్తీల్లో చిన్న క్లినిక్‌ల ముందు జనం బారులు తీరతారు. ‘ఒక్క సూది వేయండి సార్, రేపు పనికి పోవాలి’ అని అడిగేవాళ్లు చాలామంది. కొన్నిచోట్ల సూది పడిన కొన్ని గంటల్లోనే జ్వరం దిగిపోతుంది, ఒళ్లునొప్పులు పోతాయి, ఆకలి కూడా పుడుతుంది. ‘ఆయన హస్తవాసి మంచిది’ అని పేరొస్తుంది. అలాంటి చోట హస్తవాసి కంటే ఎక్కువగా పనిచేసింది ఒక చిన్న సీసా అయ్యుండొచ్చు. అదే డెక్సామెథసోన్. జనం నోట్లో ‘డెక్సా’.

ఇది చెడ్డ మందేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ముఖ్యమైన మందుల జాబితాలో దీనికి చోటుంది. ధర కూడా చాలా తక్కువ. అవసరమైన రోగికి, సరైన మోతాదులో ఇస్తే ప్రాణం నిలబెడుతుంది. చిక్కల్లా, రోగం ఏమిటో తేలకముందే, పేరు కూడా చెప్పకుండా ఇచ్చేయడంతోనే.

అసలు ఇది ఏమిటి?

మన కిడ్నీల పైన అడ్రినల్ అనే రెండు చిన్న గ్రంథులుంటాయి. అవి రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేస్తాయి. బీపీ, షుగర్ అదుపులో ఉండటానికి, జబ్బు చేసినప్పుడు శరీరం తట్టుకోవడానికి అది కావాలి. దాన్ని పోలినట్టు తయారుచేసిన మందే డెక్సామెథసోన్. జిమ్‌లో కండల కోసం కొందరు వాడే స్టెరాయిడ్లు వేరు, ఇది వేరు.

దీని బలం ఎంతో ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. మామూలుగా దొరికే సీసా 2 మి.లీ. ఉంటుంది. ఒక్కో మి.లీ.లో 4 మి.గ్రా. చొప్పున మొత్తం 8 మి.గ్రా. మందు. డెక్సామెథసోన్ 0.75 మి.గ్రా. అంటే కార్టిసాల్ 20 మి.గ్రా.తో సమానం. ఆ లెక్కన ఒక్క సీసా 200 మి.గ్రా.కు పైమాటే. ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరం రోజుకు తయారుచేసుకునేది సుమారు 10 నుంచి 20 మి.గ్రా. మాత్రమే. అంటే పది రోజుల సరుకు ఒక్క సూదిలో లోపలికి పోతుంది. దాని ప్రభావం ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజులకు పైగా ఉంటుంది.

ఎప్పుడు వాడతారు?

- ఉబ్బసం బాగా ముదిరినప్పుడు, తీవ్రమైన అలర్జీలో. అయితే ప్రాణం మీదికొచ్చిన అలర్జీలో ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్. డెక్సా పనిచేయడానికి గంటలు పడుతుంది, అడ్రినలిన్‌కు అది బదులు కాదు.
- మెదడులో గడ్డ వల్ల వాపు వచ్చినప్పుడు, కొన్ని రకాల మెదడువాపు జ్వరాల్లో, మెదడుకు టీబీ సోకినప్పుడు.
- క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకునేవారికి వాంతులు రాకుండా.
- నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉన్న గర్భిణులకు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి 6 మి.గ్రా. చొప్పున 12 గంటలకోసారి 4 డోసులు ఇస్తారు. 24 నుంచి 34 వారాల మధ్య దీన్ని వాడేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసు ఏఎన్ఎం కూడా ఇవ్వవచ్చు.

కోవిడ్ నేర్పిన పాఠం

2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రోజుకు 6 మి.గ్రా. డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటర్ మీదున్న వారిలో మరణాలు సుమారు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్న వారిలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేని వారికి మాత్రం ఏ మేలూ కనిపించలేదు. ఈ చివరి మాటను చాలామంది పట్టించుకోలేదు.

2021లో సెకండ్ వేవ్ వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు కూడా స్టెరాయిడ్లు వాడారు. ఆ తర్వాతే బ్లాక్ ఫంగస్ కేసులు పెరిగాయి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. అదుపులో లేని షుగర్‌కు స్టెరాయిడ్ తోడవడం దానికి ఒక పెద్ద కారణమని డాక్టర్లు చెప్పారు. మందు ఒక్కటే. ఆక్సిజన్ మీదున్న రోగికి ఊపిరి పోసింది, అవసరం లేని మనిషికి గండం తెచ్చింది.

జ్వరానికి ఎందుకు వద్దు?

డెక్సా వాపును, నొప్పిని, జ్వరాన్ని అణచిపెడుతుంది. క్రిములను చంపదు. పైగా క్రిములతో పోరాడే శక్తిని తగ్గిస్తుంది. రోగికి బాగైనట్టే ఉంటుంది, లోపల రోగం పెరుగుతూనే ఉంటుంది. టీబీ, టైఫాయిడ్ లాంటివి ఆలస్యంగా బయటపడటానికి ఇదొక కారణం. డెంగీలో స్టెరాయిడ్ వల్ల మేలు ఉన్నట్టు తేలలేదు, మామూలుగా వాడకూడదు. డెంగీలో జ్వరం తగ్గిన రోజుల్లోనే అసలు ప్రమాదం ఉంటుంది కాబట్టి ‘జ్వరం దిగింది కదా’ అన్న ధీమా మరీ చేటు.

సైడ్ ఎఫెక్ట్స్

ఒకటి రెండు డోసులకే కనిపించేవి: షుగర్, బీపీ పెరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, కడుపులో మంట. నరానికి వేగంగా ఎక్కిస్తే మర్మాంగాల దగ్గర మంట, దురద కాసేపు ఉంటాయి. నెమ్మదిగా ఇస్తే ఈ బాధ చాలావరకు ఉండదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి సూదితో కలిపి ఇస్తే కడుపులో పుండు పడి రక్తం పోయే ముప్పు పెరుగుతుంది.

వారాలు, నెలల తరబడి పదేపదే తీసుకుంటే: ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట పెరగడం, ఎముకలు గుల్లబారడం, తుంటి ఎముకకు రక్తం అందక దెబ్బతినడం, కంట్లో శుక్లాలు, గ్లకోమా, తరచూ ఇన్ఫెక్షన్లు.

అన్నిటికన్నా తెలియకుండా జరిగేది ఇంకొకటుంది. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. అప్పుడు మందు ఉన్నట్టుండి ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. అందుకే డాక్టర్ రాసిన స్టెరాయిడ్‌ను భయపడి సొంతంగా ఆపొద్దు. కొద్దికొద్దిగా ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. ఆపరేషన్ ఉంటే స్టెరాయిడ్ వాడుతున్న సంగతి ముందే చెప్పాలి.

ఎవరు ముందే చెప్పాలి?

షుగర్, బీపీ, అల్సర్, గ్లకోమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు, ఎప్పుడైనా టీబీ వచ్చినవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ డెక్సా పనిని తగ్గిస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకు ఈ సూది తప్పనిసరైతే రెండు మూడు రోజులు షుగర్ చూసుకోవాలి. పరగడుపున ఒక్కసారి చూసి సరిపెట్టకుండా, తిన్న తర్వాత కూడా చూడాలి.

సూది ముందు నాలుగు ప్రశ్నలు

ఇది డాక్టర్ చీటీ మీదే ఇవ్వాల్సిన మందు. అయినా మన ఇళ్లలో సూది పేరు అడిగే అలవాటు తక్కువ. అడగడం మర్యాద తప్పడం కాదు.

- ఈ సూది పేరేమిటి? ఇందులో స్టెరాయిడ్ ఉందా?
- నా జబ్బు ఏమిటి? దీనికి ఇది ఎందుకు?
- ఎన్ని డోసులు?
- నాకున్న షుగర్ సంగతి లెక్కలోకి తీసుకున్నారా?

సీసా మీది పేరును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడి డాక్టర్‌కు అదే మొదటి ఆధారం. సూది తర్వాత మలం నల్లగా రావడం, రక్తపు వాంతులు, ఆయాసం, ముఖం వాపు, చూపు మసకబారడం, మనిషి మత్తుగా పడిపోవడం లాంటివి కనిపిస్తే ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసమే. మందు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా డాక్టర్ సలహా తప్పనిసరి.